రక్తస్రావ పక్షవాతం

మెదడుకు రక్తాన్ని చేర్చే ధమనుల్లో ఏదో ఒకటి చిట్లి, ఆ రక్తం మెదడు కణజాలంలోకి గాని, మెదడును చుట్టి ఉన్న పొరల నడుమకు గాని చేరడం వల్ల అకస్మాత్తుగా కలిగే నాడీ వైకల్యాన్ని రక్తస్రావ పక్షవాతం అంటారు. వైద్యులు దీనిని హెమరేజిక్ స్ట్రోక్ అనీ, ఆసుపత్రి వరండాలో వేచి ఉండే బంధువులు బ్రెయిన్ హెమరేజ్ అనీ వ్యవహరిస్తారు. పక్షం అంటే శరీరంలో ఒక పార్శ్వం కనుక పక్షవాతం అనే పేరు లక్షణాన్ని చెబుతుందే గాని కారణాన్ని చెప్పదు. ధమని పూడుకుపోయినా, పగిలినా కాలూ చెయ్యీ పడిపోవడం ఒకేలా కనిపిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా కొత్తగా వచ్చే స్ట్రోక్‌లలో ధమని పూడుకుపోవడం వల్ల కలిగేవే అధికం. రక్తస్రావం వల్ల కలిగేవి సుమారు మూడో వంతు మాత్రమే అయినా, స్ట్రోక్ మరణాల్లో దాదాపు సగం వాటివల్లనే సంభవిస్తున్నాయి.

ఈ వ్యాధి విషయంలో వాడుక తెలుగు రెండు చోట్ల తికమక పెడుతుంది. "మెదడులో నరం చిట్లింది" అని సాధారణంగా అంటారు. తెలుగులో నరం అనే మాట నాడికీ, రక్తనాళానికీ కూడా చెల్లుతుంది గాని, ఇక్కడ చిట్లేది ధమని. ఇది పెద్ద నష్టం కలిగించే పొరపాటు కాదు. గడ్డ అనే మాట అలాంటిది కాదు. ధమని లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయినప్పుడూ, ధమని బయటికి కారిన రక్తం మెదడులో ముద్దగా పేరుకున్నప్పుడూ ఇంట్లోవారు ఊరికి ఫోను చేసి చెప్పే వాక్యం ఒక్కటే: "మెదడులో రక్తం గడ్డకట్టింది." మొదటి రకం గడ్డను కరిగించడానికి నాలుగున్నర గంటల లోపల ఇచ్చే ఇంజెక్షన్ రెండో రకం రోగికి ఇస్తే రక్తస్రావం మరింత పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండింటిని విడదీసి చూడడమే ఈ వ్యాధి చికిత్సలో మొదటి మెట్టు, ఆ పని చేయగలిగినది స్కాన్ ఒక్కటే.

రకాలు, కారణాలు

రక్తం మెదడు కణజాలం లోపలికే కారితే దానిని అంతర్మస్తిష్క రక్తస్రావం అంటారు. దీనికి ముఖ్య కారణం ఏళ్ల తరబడి అదుపులో లేని రక్తపోటు. మెదడు అడుగున ఉండే పెద్ద ధమనుల నుంచి నిట్టనిలువుగా లోపలికి చొచ్చుకుపోయే సన్నని ధమనులు కొన్ని ఉంటాయి. పెద్ద ధమనిలోని ఒత్తిడి మధ్యలో చిన్న కొమ్మలుగా చీలి తగ్గే అవకాశం లేకుండా నేరుగా వాటి గోడల మీద పడుతుంది. ఆ గోడలు క్రమంగా పెళుసుబారి ఒకనాడు చిట్లుతాయి. అందువల్లనే ఈ రక్తస్రావం ఎక్కువగా మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా, థాలమస్ అనే భాగాల్లోనూ, మెదడు కాండంలోనూ, చిన్నమెదడులోనూ జరుగుతుంది. వయసు మళ్ళినవారిలో మాత్రం ధమని గోడల్లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవడం వల్ల మెదడు పైభాగాల్లో రక్తస్రావం జరగడం, అది మళ్ళీ మళ్ళీ రావడం కనిపిస్తుంది. గుండె కవాటాలు మార్పించుకున్నవారు వాడే అసిట్రోమ్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలచబరిచే మందులు మోతాదు మించినప్పుడు, అతిగా మద్యం తాగేవారిలో కాలేయం దెబ్బతిని రక్తం గడ్డకట్టే గుణం తగ్గినప్పుడు కూడా ఈ ప్రమాదం ఉంది.

రెండో రకంలో రక్తం మెదడును కప్పి ఉండే పొరల మధ్య, నీరు నిండి ఉండే ఖాళీలోకి చిమ్ముతుంది. దీనిని సబ్‌అరక్నాయిడ్ రక్తస్రావం అంటారు. తల దెబ్బల వల్ల కలిగేవాటిని మినహాయిస్తే, వీటిలో సుమారు 85 శాతానికి ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బడమే కారణం. ఆ బుడగను అన్యూరిజం అంటారు. పుట్టుకతోనే ధమనులూ సిరలూ చిక్కుముడిగా కలిసిపోయి ఉండడం వల్ల యువకుల్లో వచ్చే రక్తస్రావం వేరొక తరగతి. స్కూటరు మీద నుంచి పడినప్పుడు పుర్రె కింద చేరే రక్తాన్ని కూడా జనం బ్రెయిన్ హెమరేజ్ అనే అంటారు గాని, అది గాయమే తప్ప పక్షవాతం కింద లెక్కకు రాదు.

హైదరాబాద్‌లోని నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, అంటే నిమ్స్ వైద్యులు ప్రత్యేక దృష్టితో పరిశీలించిన మరొక రకం ఉంది. మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలు గడ్డకట్టి మూసుకుపోతే, వెనక రక్తం నిలిచిపోయి మెదడులోకి కారుతుంది. ప్రసవమైన కొత్తలో స్త్రీలకు వచ్చే జబ్బుగా ఇది మన దేశంలో చాలాకాలంగా తెలుసు. డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నిమ్స్ సిరా పక్షవాత రిజిస్ట్రీలోని 428 మంది రోగుల వివరాలను 2012లో ప్రచురించినప్పుడు, ఇది బాలింతలకే పరిమితం కాదనీ, యువకుల్లో కూడా విస్తారంగా ఉందనీ, రక్తహీనత, మద్యపానం వంటివి కారణాల్లో ఉన్నాయనీ తేలింది. స్కాన్‌లో రక్తం కనిపిస్తున్నా ఈ రోగులకు రక్తాన్ని పలచబరిచే హెపారిన్ ఇవ్వడమే చికిత్స. మూలం సిరలోని గడ్డ కావడమే ఇందుకు కారణం. ఒకే రక్తస్రావానికి రెండు వ్యతిరేక చికిత్సలు ఉండవచ్చునన్న ఈ ఒక్క సంగతి చాలు, స్కాన్ చూడకుండా మందు చెప్పేవారిని నమ్మరాదనడానికి.

లక్షణాలు

మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఒక చెయ్యి ఎత్తలేకపోవడం, మాట ముద్దగా రావడం లేదా పడిపోవడం అన్ని రకాల పక్షవాతానికీ ఉమ్మడి గుర్తులు. రక్తస్రావంలో వీటికి తోడు తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగత, కొన్నిసార్లు మూర్ఛ కనిపిస్తాయి. మొదట చెయ్యి తిమ్మిరిగా ఉందన్న మనిషి అరగంటలో మాట తడబడి, గంటలో స్పృహ తప్పడం, అంటే లక్షణాలు కళ్ళెదుటే ముదురుతూ పోవడం, దీని స్వభావం. పుర్రె గట్టి ఎముక డబ్బా. అందులో మెదడు, రక్తం, మెదడునీరు నిండి ఉన్నప్పుడు కొత్తగా చేరిన రక్తానికి చోటు లేక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఈ సూత్రాన్ని స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లోనే ప్రతిపాదించాడు. చిన్నమెదడులో రక్తస్రావమైతే కాలూ చెయ్యీ పడిపోకుండానే తల తిరగడం, వాంతులు, నిలబడలేకపోవడం కనిపిస్తాయి. పైత్యం చేసిందని నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టడం వల్ల ఇటువంటి కేసుల్లో విలువైన కాలం పోతుంది.

అన్యూరిజం పగిలినప్పుడు వచ్చే తలనొప్పిని రోగులు పిడుగు పడినట్టుందని వర్ణిస్తారు. అది క్షణాల్లో పతాకస్థాయికి చేరుతుంది. మెడ బిగుసుకుపోతుంది, వెలుతురు చూడలేరు. కొందరిలో అసలు పగులుకు కొన్ని రోజుల ముందు బుడగ కొద్దిగా కారి, ఇటువంటి నొప్పే ఒకసారి వచ్చి తగ్గుతుంది. జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి అకస్మాత్తుగా వస్తే, అది తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

ఇంటి నుంచి ఆసుపత్రి దాకా

108 అంబులెన్సు సేవ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. పక్షవాతం వచ్చిన మనిషిని ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోవడం కన్న అంబులెన్సు మేలు కావడానికి వేగం ఒక్కటే కారణం కాదు; మగతలో ఉన్నవారు వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గొంతు శుభ్రం చేయడం అందులోని సిబ్బందికి తెలుసు. ఈలోగా నోట్లో నీళ్ళు పోయకూడదు, ఆస్పిరిన్ వేయకూడదు. బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద బిళ్ళ పెట్టే పాత అలవాటు ఇంకా పోలేదు. చైనాలో అంబులెన్సుల్లోనే రక్తపోటు తగ్గించి చూసిన ఇంటరాక్ట్-4 పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి: రక్తస్రావ రోగులకు అది మేలు చేసింది, ధమని పూడుకుపోయిన రోగులకు కీడు చేసింది, అందరినీ కలిపి చూస్తే లాభం లేదు. ఎవరిది ఏ రకమో ఇంట్లో తేల్చలేరు కనుక బిళ్ళ పెట్టకపోవడమే క్షేమం. ఇక పావురం రక్తం పూయడం, పసరు పోయడం వంటివాటి గురించి చెప్పవలసింది తక్కువ. అవి చేసే అసలు హాని కాలహరణం.

రోగిని చేర్చే ఆసుపత్రుల మాటకొస్తే, 1806లో కంటోన్మెంటుగా వెలసిన సికింద్రాబాద్‌లో వైద్యశాలలు ఆదినుంచీ సైన్యం, రైల్వేల చుట్టూ పెరిగాయి. తిరుమలగిరి సైనిక ఆసుపత్రి, లాలాగూడ రైల్వే ఆసుపత్రి ఆ వరసలోనివి. 1851లో చిన్న వైద్యశాలగా మొదలై, తరవాత కింగ్ ఎడ్వర్డ్ స్మారక ఆసుపత్రిగా సాగినదే గాంధీ ఆసుపత్రి. దానికి అనుబంధమైన వైద్య కళాశాల 1954లో ఏర్పడింది. రైల్వే స్టేషను ఎదుట ఉండిన ఈ ఆసుపత్రి 2003లో ముషీరాబాద్ పాత జైలు స్థలానికి మారింది. మినిస్టర్ రోడ్డు కిమ్స్, అలెగ్జాండర్ రోడ్డు యశోద వంటి ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఈ పట్టణంలో ఉన్నాయి. పేదల ఉచిత వైద్యం కోసం 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం న్యూరోసర్జరీని కూడా తన పరిధిలోకి తెచ్చింది.

నిర్ధారణ

పగిలిన ధమనికీ, పక్షవాతానికీ ఉన్న సంబంధాన్ని స్విట్జర్లండ్ వైద్యుడు యోహాన్ వెప్ఫర్ 1658లో శవపరీక్షల ద్వారా నిరూపించాడు. అయినా బతికి ఉన్న మనిషి మెదడులోని రక్తాన్ని చూడడానికి మరో మూడు వందల ఏళ్ళు పట్టింది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ స్కాన్ మొదటి రోగి మీద లండన్‌లో 1971 అక్టోబరు 1న పనిచేసింది. అప్పటిదాకా వెన్నులో సూది గుచ్చి తీసిన నీటి రంగును బట్టి, రోగి తీరును బట్టి ఊహించడమే. సీటీలో తాజా రక్తం తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు. రక్తం పరిమాణాన్ని మిల్లీలీటర్లలో అంచనా వేస్తారు. 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు, దాటితే పరిస్థితి బరువెక్కినట్టే. 60 మిల్లీలీటర్లు దాటి, రోగి గాఢమైన అపస్మారక స్థితిలో కూడా ఉంటే బతికేవారు బహు తక్కువ. రంగు మందు ఎక్కించి తీసే యాంజియోగ్రఫీ అన్యూరిజాన్నీ, రక్తనాళాల చిక్కుముడినీ పట్టి ఇస్తుంది.

చికిత్స

చిట్లిన ధమని వెంటనే మూసుకుంటుందని పూర్వం భావించేవారు. నిజానికి దాదాపు మూడో వంతు రోగుల్లో మొదటి కొన్ని గంటల పాటు రక్తపు ముద్ద పెరుగుతూనే ఉంటుంది; చికిత్స బలమంతా ఆ గంటల మీదే ఆధారపడింది. భారతదేశంతో సహా పది దేశాల్లో ఏడు వేల మందికి పైగా రోగులతో సాగి 2023లో వెలువడిన ఇంటరాక్ట్-3 పరిశోధన ఈ రంగంలో ఒక మలుపు. అందులో వాడినది కొత్త మందేమీ కాదు. పై రక్తపోటును గంట లోపల 140 కిందికి దించడం, రక్తంలో చక్కెరను, జ్వరాన్ని అదుపులో పెట్టడం, పలచబరిచే మందులు వాడుతున్నవారికి వాటి ప్రభావాన్ని వెంటనే విరిచివేయడం అనే నాలుగు పాత పనులను కలిపి, గడియారం చూసుకుంటూ చేశారు. కోలుకునేవారి సంఖ్య పెరిగింది. వార్ఫరిన్, అసిట్రోమ్‌లకు విరుగుడుగా విటమిన్ కె, గడ్డకట్టే కారకాల గాఢ ద్రవం, అది లేనిచోట ప్లాస్మా ఇస్తారు. మెదడు వాపుకు స్టెరాయిడ్లు ఇవ్వడం మాత్రం మేలు చేయదని తేలిపోయింది.

ఆపరేషన్ చేసి రక్తం తీసివేస్తే బాగుంటుంది కదా అన్నది బంధువులు తప్పక అడిగే ప్రశ్న. 2005లో వెలువడిన స్టిచ్ పరిశోధన, 2013లో వెలువడిన దాని రెండో భాగం ఇచ్చిన జవాబు నిరుత్సాహకరం: పెద్దమెదడులోని రక్తస్రావంలో పుర్రె తెరిచి రక్తం తీయడం వల్ల సగటు రోగికి అదనపు లాభం లేదు, ఎందుకంటే అక్కడికి చేరే దారిలోని ఆరోగ్యకరమైన మెదడు దెబ్బతింటుంది. చిన్నమెదడు సంగతి వేరు. అక్కడ 15 మిల్లీలీటర్ల రక్తం కూడా ఊపిరిని నడిపే మెదడు కాండాన్ని నొక్కివేస్తుంది కనుక ఆపరేషన్ ప్రాణాన్ని నిలబెడుతుంది. సన్నని గొట్టం ద్వారా రక్తాన్ని పీల్చివేసే పద్ధతి మెదడు పైభాగాల రక్తస్రావంలో మేలు చేస్తుందని 2024లో ఒక అమెరికా పరిశోధన చూపింది. మెదడునీటి దారులు మూసుకుపోతే లోపలికి గొట్టం వేసి నీటిని బయటికి వదులుతారు. వాపు మరీ ఎక్కువైతే పుర్రె ఎముకలో పెద్ద ముక్కను తీసి, దానిని రోగి పొట్ట చర్మం కిందనే భద్రపరచి, కొన్ని వారాలకో నెలలకో తిరిగి అమర్చడం మన దేశంలో సాధారణ పద్ధతి. తల ఒక పక్క గుంటపడి కనిపించడం చూసి బంధువులు బెదిరిపోతారు గాని, అది తాత్కాలికం.

అన్యూరిజం విషయంలో లక్ష్యం సూటిగా ఉంటుంది: మళ్ళీ పగలకుండా బుడగ నోరు మూయాలి, అది కూడా త్వరగా, ఎందుకంటే రెండో పగులు ముప్పు మొదటి 24 గంటల్లోనే అత్యధికం. అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ 1937లో తొలిసారి బుడగ మెడకు లోహపు క్లిప్ బిగించాడు. 1990ల నుంచి తొడ ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, బుడగలో ప్లాటినం తీగచుట్టలు నింపే పద్ధతి వచ్చింది. ఆ తరవాత కూడా నాలుగో రోజు నుంచి రెండు వారాల వరకు మెదడు ధమనులు బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే నిమోడిపిన్ మాత్రలు నాలుగు గంటలకొకసారి చొప్పున 21 రోజులు వేస్తారు. ఆపరేషన్ సఫలమైందన్న రోగిని రెండు వారాల దాకా ఐసీయూ నుంచి కదపకపోవడంలోని మర్మం ఇదే.

అంతర్మస్తిష్క రక్తస్రావం వచ్చినవారిలో సుమారు 40 శాతం నెల లోపల మరణిస్తారు. ఈ అంకె భయంకరమైనదే, కాని దానిని మొదటి గంటల్లోనే ఒక్కొక్క రోగికి అంటగట్టడం తప్పు. లాభం లేదని ముందే చికిత్స తగ్గిస్తే ఆ జోస్యం దానంతట అదే నిజమవుతుంది. కనీసం రెండో రోజు పూర్తయ్యేదాకా చికిత్సను కుదించే నిర్ణయాలు తీసుకోరాదని అమెరికా హృద్రోగ సంఘం 2022 మార్గదర్శకాలు చెప్పడంలోని ఉద్దేశం అదే. ఇంటికి తీసుకుపోతామని తొందరపడే కుటుంబాలకు ఈ సంగతి తెలియడం అవసరం.

కోలుకోవడం

పూడుకుపోయిన ధమని వెనక మెదడు కణాలు చచ్చిపోతాయి; రక్తస్రావంలో మాత్రం కొన్ని చనిపోయినా, కొన్ని పక్కకు నెట్టబడి అణిగి ఉంటాయి. వారాల తరబడి రక్తపు ముద్ద కరిగి వాపు తగ్గేకొద్దీ అవి తిరిగి పనిలోకి వస్తాయి. కనుక తొలి గండం గడిచిన రోగి ఊహించినదానికన్న బాగా కోలుకోవడం అరుదేమీ కాదు. మెరుగుదల మొదటి మూడు నెలల్లో వేగంగానూ, ఏడాది దాకా మెల్లగానూ సాగుతుంది. మింగగలుగుతున్నారని పరీక్షించేదాకా ముక్కు గొట్టం ద్వారానే ఆహారం ఇవ్వాలి. ప్రేమకొద్దీ రెండు చెంచాల గంజి పోయడం వల్ల న్యుమోనియా వచ్చిన రోగులు ఎందరో. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, పడిపోయిన చేతిని పట్టి లాగకుండా భుజాన్ని దిండుతో ఆన్చడం ఇంటివారు నేర్చుకోవలసిన పనులు. మొదటి 24 గంటల్లోనే గట్టిగా నడిపించాలన్న ఉత్సాహం కీడు చేస్తుందని 2015లో అవర్ట్ పరిశోధన తేల్చింది.

మన దేశంలో ఫిజియోథెరపిస్టులు చాలరు కనుక ఆ పనిని కుటుంబానికే నేర్పితే సరిపోతుందా అన్న ప్రశ్నతో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో అటెండ్ అనే పరిశోధన జరిగింది. 2017లో వచ్చిన ఫలితం, సరిపోదని. కూతుళ్ళూ కోడళ్ళూ భార్యలూ చేసే సేవకు ఇది తక్కువ విలువ కట్టడం కాదు. శిక్షణ పొందిన మనిషి చేసే పనిని ప్రేమతో భర్తీ చేయలేమని చెప్పడం మాత్రమే. పక్షవాతం వచ్చినవారిలో మూడో వంతు మందికి మానసిక కుంగుబాటు వస్తుంది, దానికీ మందులున్నాయి.

మాట కోల్పోవడాన్ని అఫేసియా అంటారు. మాటతో పాటు జ్ఞాపకం, ఆలోచన కూడా దెబ్బతినవచ్చు; ఈ విషయంలో హైదరాబాద్ జంట నగరాల పరిశోధన ఒకటి ప్రపంచం దృష్టికి వచ్చింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన వ్యాసంలో, పక్షవాతం తరవాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవారు రెండు భాషలు తెలిసినవారిలో సుమారు 40 శాతం ఉంటే, ఒకే భాష తెలిసినవారిలో సుమారు 20 శాతమే ఉన్నారు. వారు ధమని పూడుకుపోయిన రోగులు కనుక ఈ అంకెలను రక్తస్రావానికి నేరుగా అన్వయించరాదు. అయినా, ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు, పక్కింటివారితో తమిళం మాట్లాడే సికింద్రాబాద్ లాంటి ఊళ్ళో ఇటువంటి పరిశోధన సాధ్యపడిందనడంలో ఆశ్చర్యం లేదు.

నివారణ

నివారణ అంటే ముందుగా రక్తపోటును అదుపులో పెట్టడమే. అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ రక్తపోటు 1944 మార్చిలో 186/108 అని వైద్యులకు తెలుసు. 1945 ఏప్రిల్ 12న తల వెనక విపరీతమైన నొప్పిగా ఉందని కూలబడినప్పుడు అది 300/190. అదేరోజు ఆయన మెదడు రక్తస్రావంతో మరణించాడు. దేశాధినేతకు సైతం అప్పట్లో ఇవ్వడానికి తగిన మందు లేదు. మన సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసింది 1949లో. ఈనాడు మందుల కొరత లేదు, వేసుకునేవారి కొరత ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో సుమారు 26 శాతానికి, పురుషుల్లో సుమారు 31 శాతానికి అధిక రక్తపోటు ఉంది. తల తిరగడం లేదు కదా అని బిళ్ళ మానివేయడం సర్వసాధారణం. రక్తపోటుకు నొప్పి లేదన్నదే దాని ప్రమాదం. రోజుకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పు పరిమితి ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయలున్న భోజనంలో తెలియకుండానే దాటిపోతుంది. ఒకసారి రక్తస్రావమై బతికినవారిలో రక్తపోటును 130/80 కిందికి తేవాలి.

2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలి విడతలో ఎంపికైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి బీపీ బిళ్ళలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, 2018 నుంచి జంట నగరాల్లో వెలసిన బస్తీ దవాఖానాల్లోనూ డబ్బు తీసుకోకుండా ఇస్తారు.